బిస్కెట్ మెట్లెక్కిన సాయంత్రం

నా చిన్నప్పుడు మా ఇంట్లో పరుగు మానేసిన కుక్క ఒకటి ఉండేది. ఐర్లండ్ నడిమధ్యన, షానన్ నది ఒడ్డున ఉన్న అత్లోన్‌లో మేం అద్దెకుండేవాళ్ళం. అమ్మ నర్సు. ముసలివాళ్ళను చూసుకునే నర్సింగ్ హోమ్‌లో షిఫ్టులు చేసేది. నాన్న ఉద్యోగం డబ్లిన్‌లో, శాండీఫోర్డ్ వైపు. సోమవారం రైలెక్కితే మళ్ళీ శుక్రవారమే ఇంటికి. అందుకని నన్ను చూసుకోవడానికి తెనాలి నుంచి మా అమ్మమ్మ వచ్చి ఉండేది.

ఆ కుక్కను అమ్మతో పనిచేసే ఒకావిడ ఇప్పించింది. రేసుల్లో పరిగెత్తే గ్రేహౌండ్లకు వయసు మీరాక అక్కడ ఇళ్ళు వెతుకుతారు. సన్నటి నడుము, పొడుగాటి కాళ్ళు, పక్కటెముకలన్నీ కనపడేంత పల్చటి చర్మం. టీలో ముంచి తీసిన బిస్కెట్ రంగు. అందుకే నేను దాన్ని బిస్కెట్ అన్నాను. అది మొరగదు, కూర్చోదు. నిలబడుతుంది, లేకపోతే పడుకుంటుంది. ఎవరైనా నచ్చితే పక్కకొచ్చి, ఒళ్ళంతా బరువు వదిలేసి వాళ్ళ కాలికి ఒరిగిపోతుంది. మొదట్లో కుక్కంటే ఆమడ దూరం పారిపోయిన అమ్మమ్మ కూడా చివరికి పొద్దున్నే టీ తాగుతూ దానికి ఆనుకునేది. ఎవరు ఎవరిని ఆనుకున్నారో తెలిసేది కాదు.

దానికి ఒకే ఒక్క భయం, మెట్లు. పుట్టిన దగ్గర్నుంచి నేలమీది షెడ్డులోనే పెరిగిందట, మెట్లంటే ఏమిటో తెలియదు. మేమంతా పైన గదుల్లో పడుకుంటే అది కింద, మొదటి మెట్టు పక్కన, దుప్పటి మీద పడుకునేది. నేను బిస్కెట్ ముక్క చూపించి పిలిచినా, ముందు కాలు ఎత్తి, వణికి, మళ్ళీ దించేసేది.

ఒక్కసారి మాత్రం అది పరిగెత్తగా చూశాను. ఒక ఆదివారం చుట్టూ కంచె ఉన్న ఆటస్థలంలోకి తీసుకెళ్ళి నాన్న తాడు విప్పారు. కాసేపు నిలబడింది. గాలి వాసన చూసింది. ఆ తర్వాత ఏం జరిగిందో నా కళ్ళు పట్టుకోలేకపోయాయి. నేలకూ దానికీ సంబంధం తెగిపోయినట్టయింది. మైదానం అటు చివర ఉన్నది ఇటు చివర ఉంది, మధ్యలో గడ్డి మాత్రం ఊగుతోంది. మా ఇంట్లో దుప్పటి మీద కాళ్ళు పైకెత్తుకుని నిద్రపోయేది ఇదేనా అని నోరు తెరుచుకుని ఉండిపోయాను. తిరిగొచ్చి, రొప్పుతూ, ఎప్పటిలాగే నా భుజానికి ఒరిగింది. దాని గుండె నా చెవిలో కొట్టుకుంది.

ఆ ఏడాది ఎండాకాలం మొదట్లో బిస్కెట్ కుంటడం మొదలుపెట్టింది. ఒకరోజు నేను స్కూలు నుంచి వచ్చేసరికి మెట్ల పక్కన దుప్పటి లేదు. గాల్వే అవతల పెద్ద ఫామ్ ఉందనీ, అక్కడ గడ్డిలో తిరిగితే కాలు బాగవుతుందని పంపించామనీ అమ్మ చెప్పింది. నేను నమ్మాను. దాని కోసం బొమ్మలు గీశాను. శనివారం వెళ్ళి చూసొద్దామని అడిగితే అమ్మ వచ్చే శనివారం అనేది. స్కూల్లో ఈ సంగతి చెబితే నా పక్కన కూర్చునే అమ్మాయి జాలిగా చూసి, "ఫామ్‌కి పంపించారంటే చచ్చిపోయిందని. మా డాడీ కూడా అలాగే చెప్పాడు" అంది.

ఇంటికొచ్చి అడిగాను. అమ్మ నా ఎదురుగా కూర్చుంది. తర్వాత అవునంది. కాలి ఎముకలో కాన్సర్ అట. బాధ ఆగదని డాక్టర్ చెబితే ఇంజెక్షన్ ఇప్పించారట. "నువ్వు ఏడుస్తావని చెప్పలేదే" అంది.

నేను ఏడవలేదు. అంతకంటే చెడ్డపని చేశాను. మాట్లాడటం మానేశాను. ఏం తిన్నావంటే, స్కూలెలా ఉందంటే, ఒంట్లో బాగుందా అంటే, అన్నిటికీ "గ్రాండ్" అనేదాన్ని. ఆ దేశంలో బాగానే ఉందని చెప్పే ఆ ఒక్క మాట వెనక ఎంత దుఃఖమైనా దాచేయవచ్చు. అమ్మతో తెలుగులో మాట్లాడటం పూర్తిగా పోయింది. కొన్నాళ్ళకు ఒక రాత్రి పడుకునేటప్పుడు అమ్మమ్మ ఎప్పటిలా కథ మొదలుపెడితే దుప్పటి ముసుగేసుకుని, కథలన్నీ అబద్ధాలే, నాకొద్దు అన్నాను. అమ్మమ్మ వాదించలేదు. దీపం ఆర్పి, దుప్పటి సర్ది వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం వాన పడుతోంది. నేను మెట్ల మీద కూర్చుని ఉన్నాను. వంటగదిలో అమ్మమ్మ తెనాలిలో ఉన్న చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతోంది. సముద్రాల అవతలికి వినపడాలంటే అరవాలని ఆవిడ నమ్మకం.

"ఆఁ, చచ్చిపోయిందే పాపం. నల్ల కుక్కే. ఎవరొచ్చినా మొరిగి చంపేది. బొద్దుగా, ఇంత లావుండేది. నా దగ్గరికి వచ్చేదే కాదు."

నేను ఒక్క దూకులో వంటగదిలో ఉన్నాను. "అమ్మమ్మా! నల్లది కాదు! బిస్కెట్ ఎప్పుడైనా మొరిగిందా? లావా? రోజూ నీ మీదే కదా ఒరిగేది!"

ఎన్నో రోజుల తర్వాత నా నోట్లోంచి ఇన్ని తెలుగు మాటలు ఒక్కసారిగా వచ్చాయని నేను గమనించలేదు. అమ్మమ్మ ఫోను చెవికి ఆనించుకునే నన్ను అయోమయంగా చూసింది. "అయ్యో, నాకు మతిమరుపు వచ్చేస్తోందమ్మా. పెద్దదాన్ని కదా. ఇలా తప్పులు చెబితే అక్కడ మా వాళ్ళు వేరే కుక్కని గుర్తుపెట్టుకుంటారు. నువ్వు సరిగ్గా చెప్పు, రాసుకుంటాను" అంది. ఫోను పెట్టేసి, సూపర్‌మార్కెట్ వాళ్ళు గుమ్మంలో వేసే కాగితాలు వెనక్కి తిప్పి, కళ్ళజోడు పెట్టుకుని సిద్ధమైంది.

ఆ వారమంతా అదే పని. నేను చెప్పడం, ఆవిడ రాయడం. ఏ చెవి ముందు నిక్కబొడిచేది? సంతోషమొస్తే పళ్ళు టకటకలాడించేదే, ఆ చప్పుడు ఎలా ఉండేది? వానలో బయటికి తీసుకెళ్తే ఏ కాలు ముందు పెట్టేది? ఆవిడ అడిగేదాకా నాకు తెలుసని నాకే తెలియని సంగతులు. జవాబు చెప్పాలంటే కళ్ళు మూసుకుని వెతకాలి. వెతికితే దొరికేది. ఒక్కొక్కటి చెబుతుంటే బిస్కెట్ కాస్త కాస్తగా ఆ వంటగదిలో మళ్ళీ తయారవుతున్నట్టుండేది.

అలా కొన్ని కాగితాలు నిండాక అమ్మమ్మ పెన్ను ఆపి, "ఒకరోజు ఇంట్లో ఎవరూ లేరనుకో. ఒక దొంగ వచ్చాడు" అంది.

"మనింటికి దొంగ రాలేదుగా. అది అబద్ధం."

"కాదే తల్లీ. అబద్ధమంటే నీకు తెలియకూడదని చెప్పేది. మీ అమ్మ నీ మీద ప్రేమతోనే చెప్పింది, అయినా అది అబద్ధమే. ఇది అలా కాదు. దొంగ రాలేదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం తెలిసే ఆ కథలోకి వెళ్తున్నాం. వస్తే బిస్కెట్ ఏం చేస్తుందో చూద్దాం, అంతే."

నేను ఒప్పుకోనూ లేదు, లేచి వెళ్ళనూ లేదు.

"బిస్కెట్ దొంగని చూసి భౌ భౌమని మొరిగింది" అంది అమ్మమ్మ రాసుకుంటూ.

"మొరగదు!"

"అయితే కరిచింది."

"బిస్కెట్ కరవదు, అమ్మమ్మా!"

"మరేం చేస్తుంది? నాకేం తెలుసు? నువ్వు చెప్పు."

నేను కళ్ళు మూసుకున్నాను. వంటగది కనపడింది. సంచి పట్టుకుని నిలబడ్డ దొంగ కనపడ్డాడు. దుప్పటి మీద నుంచి బిస్కెట్ లేచింది, ఒళ్ళు విరుచుకుంది, మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. "వెళ్ళి అతని కాలికి ఒరిగింది" అన్నాను. "మొత్తం బరువంతా వదిలేసింది. కదిలితే అది పడిపోతుందని అతను కదల్లేదు. గార్డ్స్ వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు."

గార్డ్స్ అంటే అక్కడ పోలీసులు. అమ్మమ్మ నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. నేనూ నవ్వాను. నవ్వుతూ ఉండగానే నా ఒళ్ళు జలదరించింది. ఇది జరగలేదు. ఎవరూ చూడలేదు. అయినా బిస్కెట్ అచ్చంగా అదే చేసేది, ఇంకొకటి చేయదు. నేను కల్పించినట్టు లేదు, అది చేస్తుంటే చూసి చెప్పినట్టుంది. లేని కుక్క కొత్త పని ఎలా చేసింది? ఆ ఆశ్చర్యం నుంచి తేరుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది.

తర్వాత రోజు అమ్మమ్మ చేయి నొప్పి అంది. "ఇక నువ్వే రాసుకో. నీకొచ్చిన భాషలో రాయి" అని పెన్ను నా ముందు పెట్టి చిక్కుడుకాయలు ఒలవడానికి కూర్చుంది. నాకు తెలుగు రాయడం రాదు. ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ఈ కథలో కూడా ఇంట్లో ఎవరూ లేరనే రాద్దామనుకున్నాను. కానీ బిస్కెట్ చెవులు వెనక్కి వాల్చి పైకి చూస్తూ నిలబడింది. పైన ఏదో ఉందని దానికి తెలుసు. నాకు తెలియదు. రాస్తూ పోయాను.

అక్కడి ఎండాకాలపు సాయంత్రాలకు అంతుండదు. భోజనాల వేళ దాటినా కిటికీలో వెలుతురు మధ్యాహ్నంలా ఉంటుంది. అలాంటి వెలుతురులో అమ్మ డ్యూటీ నుంచి వచ్చింది. బూట్లు విప్పుతుండగానే అమ్మమ్మ కాగితం అందించి, "ఇదేదో రాసిందే. నాకు ఇంగ్లీషు రాదు కదా, కాస్త చదివి తెలుగులో చెప్పవే" అంది. నేను బల్ల కిందికి చూస్తూ కూర్చున్నాను.

అమ్మ నీలం యూనిఫాంలోనే గోడకు ఆనుకుని నిలబడి, కళ్ళతో ఇంగ్లీషు చదువుకుంటూ, పైకి తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. అలసిపోయిన గొంతు. "ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. బిస్కెట్‌కి పైనుంచి ఏడుపు వినపడింది. ఆ ఇంటి అమ్మ పైన తలుపేసుకుని ఏడుస్తోంది. ఎవరికీ వినపడకూడదని దిండులో మొహం పెట్టుకుంది. బిస్కెట్ మొదటి మెట్టు మీద ఒక కాలు పెట్టింది. కాలు వణికింది. తీసేయలేదు. రెండో కాలు పెట్టింది..."

అమ్మ అక్కడితో ఆపింది. కాగితం మీద నుంచి తలెత్తి నన్ను చూసింది.

"నేను ఏడవడం నువ్వెప్పుడు చూశావే?"

"చూడలేదు" అన్నాను. "బిస్కెట్‌కి వినపడింది."

అమ్మ అలాగే గోడ వెంట జారి నేలమీద కూర్చుంది. అప్పుడు చెప్పింది. ఆ రోజు డాక్టర్ బల్ల మీద పడుకోబెట్టబోతే బిస్కెట్ భయపడిందట. అందుకని అమ్మ నేలమీద కూర్చుని దాని తల ఒళ్ళో పెట్టుకుందట. సూది వేశాక కూడా అది అమ్మకు ఒరిగే ఉందట. బరువు ఎప్పుడు మారిందో తెలియలేదట. ఇంటికొచ్చి దుప్పటి మడిచి, నేను స్కూలు నుంచి వచ్చేలోగా పైకెళ్ళి, తలుపేసుకుని, దిండులో మొహం పెట్టుకుని ఏడ్చిందట. నేను వచ్చేసరికి మొహం కడుక్కుని, ఫామ్ కథ సిద్ధం చేసుకుందట.

"నీకెలా తెలుసు?" అని అమ్మ మళ్ళీ మళ్ళీ అడిగింది. నాకు తెలియదు. నా చేత్తో రాసిన అక్షరాలు నాకే కొత్తగా, కొంచెం భయంగా కనపడ్డాయి. నా రెండు చేతుల మీదా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. నేను కేవలం ఆ కుక్కను సరిగ్గా చూస్తూ వెళ్ళాను. అది నన్ను మా అమ్మ మూసిన తలుపు దాకా తీసుకెళ్ళింది.

అమ్మ పక్కన వెళ్ళి కూర్చున్నాను. నా బరువంతా వదిలేసి ఆమెకు ఒరిగాను. అప్పుడు ఇద్దరం ఏడ్చాం. కాసేపయ్యాక అమ్మ ముక్కు తుడుచుకుని, "మరి మిగతా మెట్లెక్కిందా లేదా?" అంది. "ఎక్కింది. ఇంకా రాయలేదు" అన్నాను తెలుగులోనే. అమ్మమ్మ చిక్కుడుకాయల మీద నుంచి తలెత్తలేదు.

నేను పెద్దయ్యాక తెనాలి వెళ్ళినప్పుడు అమ్మమ్మ చెల్లెల్ని ఆ ఫోను గురించి అడిగాను. కుక్క సంగతి అక్క తనకెప్పుడూ ఫోన్లో చెప్పలేదంది ఆవిడ. అప్పటికి అమ్మమ్మ లేదు. ఆ వానపడే మధ్యాహ్నం, అవతల ఎవరూ లేని ఫోనులో, బిస్కెట్ నల్లదనీ లావుదనీ అంత గట్టిగా ఎవరి కోసం అరిచిందో ఆలోచిస్తూ ఆ ఇంటి అరుగు మీద చాలాసేపు కూర్చున్నాను.

ఇప్పుడు నాకూ పాపిట్లో తెల్ల వెంట్రుకలు కనపడుతున్నాయి. పిల్లల కోసం కథల పుస్తకాలు రాస్తాను. ఏ జంతువు గురించి రాసినా, తెలిసినదంతా ఉన్నదున్నట్టు పెట్టి, ఆ తర్వాత అది ఎటు కదులుతుందోనని ఆగి చూస్తాను. కదిలినప్పుడల్లా అదే జలదరింపు. ఇన్నేళ్ళలో దానికి అలవాటు పడలేదు, పడాలనీ లేదు.

ఆ మధ్య, నది పేరే పెట్టుకున్న షానన్ అనే ఊళ్ళో లైబ్రరీకి పిలిస్తే వెళ్ళాను. కథ అయిపోయాక ఒక తెలుగు పాప నా దగ్గరికొచ్చి నిలబడింది. వాళ్ళ కుందేలు పోయిన వారం చనిపోయిందని ఆంటీకి చెప్పమని వాళ్ళమ్మ వెనక నుంచి మెల్లగా నెట్టింది. పాప కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అది దేవుడి దగ్గర హాయిగా ఉందని నేను చెబుతానని వాళ్ళమ్మ ఎదురుచూస్తోంది.

నేను నేలమీద కూర్చుని, "ఉల్లిపాయలంటే దానికి బాగా ఇష్టం కదా?" అన్నాను.

"నో!" అంది పాప, కోపంగా. "కుందేళ్ళు ఉల్లిపాయలు తినవు. మా దానికి స్ట్రాబెర్రీ ఆకులు ఇష్టం. పండు కాదు, ఆకులు."

"ఎలా తినేది?"

పాప కళ్ళు మూసుకుంది. కాసేపటికి పాప ముక్కు, కుందేలు ముక్కులా, కొద్దికొద్దిగా కదలడం మొదలైంది.