ఆడిటర్‌కు చెప్పని పేరు

ఇంటర్ మార్కుల వల్ల మా అమ్మాయి లావణ్య పోగొట్టుకున్నవి: ఒక ఉద్యోగం, ఒక ఏడాది, నలుగురిలో మాట్లాడే ధైర్యం. పత్తి మార్కెట్లో లెక్కలు రాసేవాణ్ణి; ముందు నష్టమే రాస్తాను.

ఆమె బీకాం ఫస్ట్ క్లాసులో పాసైనా, పని అడగబోతే జనగామలో ఒక ఆడిటర్ నా ఎదుటే నవ్వాడు. "ఇంటర్ల సగం మార్కులు రాలే, నీకు అకౌంట్స్ ఏంది బిడ్డా? చాయ్ పెట్టనీకె వస్తవా?"

తర్వాత ఆమె హైదరాబాదులో, పాత మార్కులు చూడకుండా పరీక్ష పెట్టి ట్రైనీలను తీసుకునే కంపెనీలో చేరింది.

మొన్న బస్టాండులో అదే ఆడిటర్ నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, మావోనికి ఇంటర్ల మార్కులు తక్కువ. అంతట వద్దంటున్నరు. బిడ్డ కంపెనీ పేరు జర చెప్పు."

"చాయ్ పెట్టనీకె పంపుతవా?" అన్నాను. ఆయన మొహం మాడిపోయింది. నాకు కడుపు నిండింది.

"ముందుగాల బిడ్డకు ఫోన్ చేసి తప్పయిందను. గప్పుడు చెప్త."

లావణ్యను రోజూ అడుగుతున్నాను. ఫోన్ రాలేదు. ఆయన బాకీ ఇంకా ఒక్క మాట.