గడప మీద చోటు

హిందీ రాష్ట్రంలో మా తెలుగువాళ్ల పేట సీతారాండేరా. అక్కడ మా పక్కింటి మామ్మ గడప మీద ఎవర్నీ కూర్చోనిచ్చేది కాదు. "లెగరా, ఇంటికి అరిష్టం!" అంటూ చీపురెత్తేది. తన కొత్తల్లుణ్ణి కూడా అలాగే లేపిన మనిషి.

కొత్త మార్కెట్ కోసమని సర్కారు మా వీధి మొత్తం తీసేసుకుంది. సొంత స్థలాలు, సొంత ఇళ్లు. కోర్టుకెళ్లాం, రోడ్డు మీద బైఠాయించాం, ఆగలేదు. బుల్‌డోజర్ వచ్చిన పొద్దున మామ్మ గడపకి పసుపు రాసి, బొట్లు పెట్టి, దాని మీదే కూర్చుంది.

"మాఁజీ, ఉఠియే," అంటూ, అమ్మా లేవమని హిందీలో బతిమాలాడు పోలీసు.

"నాను లెగను బాబూ."

అప్పటికే మా ఇంటి గోడ కూలిపోయింది. ఏం చెయ్యాలో తెలీక ఆవిడ ముందు నిలబడ్డాను. మామ్మ నన్ను చూసి కాస్త పక్కకి జరిగి, గడప మీద చోటిచ్చింది.

"నువ్వూ కూకోరా. ఇంకేటి అరిష్టం వత్తాది?"