భీమశంకరం గారి కాకి

కూచిపూడి మాస్టారు భీమశంకరం గారు దివిసీమలో అడుగుపెట్టిన నాటి నుంచి అక్కడి హైస్కూల్లో ఏ నాట్యమూ ఆఖరిదాకా వెళ్ళిన దాఖలా లేదు. పిల్లలు చక్కగా ఆడుతూ ఉంటారు. ఆయన కర్ర చెక్కపలక మీద టకటకమంటూ ఉంటుంది. ఉన్నట్టుండి కర్ర ఆగుతుంది.

"ఆగండాగండి. కాకి అరిచింది. మళ్ళీ మొదట్నుంచీ."

ఇదీ ఆయన జబ్బు. కాకి లేనినాడు ఫ్యాను కిర్రుమంటుంది. కరెంటు పోయి ఫ్యాను ఆగిననాడు, కిర్రుమనకపోవడం వల్ల ఏకాగ్రత చెడుతుంది. గాలి, ఎండ, రోడ్డు మీద వెళ్ళే చేపల ఆటో, మధ్యాహ్న భోజనంలో పోపు వాసన, వెరసి ఈ సకల చరాచర సృష్టీ తన క్లాసు చెడగొట్టడానికే పుట్టిందని ఆయన దృఢ విశ్వాసం.

ఆయనది గుడివాడ. సోమవారం పెదపారుపూడిలోనూ, బుధవారం ముదినేపల్లిలోనూ, శుక్రవారం అవనిగడ్డ అవతల ఈ స్కూల్లోనూ పాఠం. మూడు ఊళ్ళ కాకులూ ఆయనకు శత్రువులే.

ఈ జబ్బు క్లాసు గది దాటి బస్సుల్లోకి కూడా పాకింది. ఒకసారి కొత్తగా ఉద్యోగంలో చేరిన కండక్టరు ఊళ్ళ పేర్లు చదువుతూ చల్లపల్లి మింగేసి తిన్నగా మోపిదేవి చెప్పేశాడు. జనం గొల్లుమనబోతున్నారు. ముందు సీట్లోంచి భీమశంకరం గారు లేచి, "హారన్ అడ్డొచ్చిందండీ, వినపడలేదు. మళ్ళీ మొదట్నుంచీ" అన్నారు. కండక్టరు పామర్రు నుంచి ఎత్తుకుని చల్లపల్లితో సహా అప్పజెప్పాడు. డ్రైవరు మాత్రం, "నేను హారన్ కొట్టలేదు మాస్టారూ" అని అవనిగడ్డ దాకా గొణుగుతూనే ఉన్నాడు.

ఇక ఆయన గర్వం గురించి చెప్పాలి. ఆయనకున్న గర్వం ఒక్కటే. ముప్పై నాలుగేళ్ళలో తాళం ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. ఇడ్లీ అయినా ఆది తాళంలోనే నములుతారు. జ్వరమొస్తే కూడా లయలోనే మూలుగుతారని ఆయన చెల్లెలు లక్ష్మీకాంతమ్మ గారి సాక్ష్యం. ఆవిడే ఆయన శిష్యులకు పాట పాడతారు.

హెడ్మాస్టరు సీతారత్నం గారికి ఇవేవీ నచ్చవు. ఆవిడ లెక్కల మనిషి. దేన్నీ సుమారుగా అన్న పాపాన పోలేదు. "పదవుతోంది" అనరు, "తొమ్మిదీ యాభై ఎనిమిది" అంటారు. ఇప్పుడు నాట్యానికి ఇచ్చిన శుక్రవారం ఆఖరి పీరియడు ఇదివరకు ఆవిడ లెక్కలదే. పుండు మీద కారంలాగా, కిటికీ పక్కనే ఆవిడ గది.

"మాస్టారూ, ఏ కాకండీ?" అని ఒకనాడు కిటికీలోంచి అడిగారు.

"ఇప్పుడే ఎగిరిపోయిందండీ."

"నాకు వినపడలేదే."

"మీరు లెక్కల్లో ఉన్నారు."

ఆ రోజు నుంచి ఆవిడ ఒక నోటుబుక్కు పెట్టి, వెనక పేజీల్లో తేదీలతో సహా రాయడం మొదలుపెట్టారు. అక్టోబరు నాటికి కాకి ఇరవై మూడు, ఫ్యాను పదకొండు, గాలి తొమ్మిది, మాస్టారి దగ్గు ఏడు, 'ఎండ పక్కకి జరిగింది' ఒకటి. ఆ పుస్తకంతోనే ఆయన్ని గదిలోకి పిలిచారు.

"నాలుగు నెలల్లో ఒక్క నాట్యమన్నా పూర్తయిందా మాస్టారూ? డిసెంబరులో బందరులో జిల్లా పోటీలున్నాయి. ఏదో ఒక బహుమతి తెస్తే పీరియడు మీది. తేకపోతే జనవరి నుంచి లెక్కలది."

"ప్రియాంక చేత తరంగం చేయిస్తానండీ" అన్నారు ఆయన.

సీతారత్నం గారు కళ్ళజోడు తీసేశారు. తరంగమంటే ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి, దాన్ని కాళ్ళతో నడిపిస్తూ ఆడటం. ప్రియాంక చేపలపల్లె పిల్ల, తొమ్మిదో తరగతి. ఏడులో ఉండగా పద్యం మధ్యలో మరిచిపోతే ఎవరో నవ్వారని పది రోజులు బడి మానేసింది. తల్లి పెద్దింట్లమ్మ చేపల బుట్ట దించి, బతిమాలి తీసుకొచ్చింది.

"ఆ పిల్ల ఒక్క నవ్వుకి మానేసే రకం మాస్టారూ."

"ఈ నాలుగు నెలల్లో ఒక్క శుక్రవారం మానలేదు కదండీ."

అది లెక్కే కనక ఆవిడ కాదనలేకపోయారు. పెద్దింట్లమ్మ మాత్రం తేలిగ్గా తీసిపారేసింది. "మా పిల్ల పడవంచు మీద పరిగెడతదండి. పడవ కదులుద్ది, పళ్ళెం కదలదు. ఇంకేం కష్టమండి?"

బందరు హాల్లో పోటీ నిబంధనలు తలుపుకి అంటించారు. నర్తకి పళ్ళెం దిగినా, ఆగినా అంతటితో సరి. తాళం, వాద్యం వల్ల అంతరాయం కలిగితే మాత్రం ఒక్కసారి మళ్ళీ మొదలుపెట్టవచ్చు, లోపం ఎవరిదో న్యాయనిర్ణేతలు రాస్తారు. సీతారత్నం గారు రెండుసార్లు చదివి మొదటి వరసలో కూర్చున్నారు. పక్కన పెద్దింట్లమ్మ.

వేదిక పక్కన భీమశంకరం గారు కంచు తాళాలు పట్టుకున్నారు. లక్ష్మీకాంతమ్మ గారు పాట ఎత్తుకున్నారు. ప్రియాంక పళ్ళెం ఎక్కింది. సీతారత్నం గారి వేళ్ళు వాటంతటవే లెక్కపెడుతున్నాయి. ఒకటి, రెండు, మూడు. పళ్ళెం ముందుకు జరిగింది. నాలుగు, అయిదు. ఆరు దగ్గర పిల్ల బొటనవేలు అంచు మీంచి జారింది.

ఏడు రాకముందే తాళాలు ఖణేల్మన్నాయి.

హాలంతా ఆయన వైపు తిరిగింది. లక్ష్మీకాంతమ్మ గారు పాట ఆపి, పొద్దు పడమట పొడిచినట్టు అన్నగారి వైపు చూశారు. అందరూ ఆయన్ని చూస్తున్న ఆ ఒక్క క్షణంలో ప్రియాంక పాదం నేలను తాకింది. ఒక్క సీతారత్నం గారు తప్ప ఎవరూ చూడలేదు.

"క్షమించాలి. తాళం నేను తప్పాను. మళ్ళీ మొదట్నుంచీ" అన్నారు భీమశంకరం గారు.

న్యాయనిర్ణేతల్లో ఒకాయన కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నారండీ?"

"నేర్చుకుంటున్నానండీ."

సీతారత్నం గారు సంచీలోంచి నోటుబుక్కు తీశారు. తేదీల వారీగా చూసుకుంటూ, ఆయా రోజుల్లో కిటికీలోంచి కనపడినవి గుర్తుచేసుకుంటూ పోయారు. ఆగస్టు ఎనిమిది, కాకి: ఆ రోజు ప్రియాంక అడుగు మరిచిపోయి కిటికీ వైపు బెదురుగా చూసింది. సెప్టెంబరు పన్నెండు, ఫ్యాను: వెనక వరసలో పిల్ల తూలింది. ప్రతి కాకి వెనకా తడబడిన ఒక పాదం ఉంది. పుస్తకం మూసి తలెత్తేసరికి వేదిక మీద పళ్ళెం, పిల్ల, తాళం మూడూ ఒక్కటై తిరుగుతున్నాయి. మాస్టారి నాట్యం ఒకటి ఆఖరిదాకా వెళ్ళడం ఆవిడ చూడటం అదే మొదలు.

"చూశారా అమ్మగారూ, మా పిల్లకి పళ్ళెం ఒక లెక్కా?" అంది పెద్దింట్లమ్మ. "పాపం ఆ మాస్టారే తడబడ్డాడు. పెద్దాయన కదండి."

"అవునమ్మా" అన్నారు సీతారత్నం గారు. జీవితంలో తెలిసి తెలిసి తప్పు జవాబు చెప్పడం ఆవిడకు అదే మొదటిసారి.

ద్వితీయ బహుమతి వచ్చింది. శుక్రవారం పీరియడు నాట్యానికే మిగిలింది.

తర్వాతి శుక్రవారం పొద్దున ప్రార్థన దగ్గర, మూడు వందల ఎనభై ఆరుగురు పిల్లల ముందు ఆవిడ న్యాయనిర్ణేతల కాగితం విప్పారు. ప్రియాంక మొదటి వరసలో నిటారుగా నిలబడింది. వెనకాల గోడ దగ్గర మాస్టారు.

"నర్తకి: పళ్ళెం మీద నిలకడ అసాధారణం" అని ఆవిడ చదివారు. చప్పట్లు మోగాయి. "నట్టువాంగం, అంటే మన మాస్టారి తాళం" అని చదవబోయి ఆగారు. కాగితం మీద 'సాధన అవసరం' అని ఉంది.

పిల్లలు ఎదురు చూస్తున్నారు. మాస్టారు తన చెప్పుల వంక చూసుకుంటున్నారు.

"ఆగండాగండి" అన్నారు సీతారత్నం గారు. "కాకి అరిచింది. మళ్ళీ మొదట్నుంచీ."

గొంతు సవరించుకుని మొదట్నుంచీ చదివారు. "నర్తకి: పళ్ళెం మీద నిలకడ అసాధారణం. నట్టువాంగం: అమోఘం." కాగితం నాలుగు మడతలు పెట్టి నోటుబుక్కులో దాచేశారు.

చప్పట్లు ఆగాక భీమశంకరం గారు మెల్లగా దగ్గరకొచ్చి ఆకాశం అంతా వెతికారు.

"ఏ కాకండీ?"

"ఇప్పుడే ఎగిరిపోయిందండీ."