తలంటు రోజు వచ్చే జబ్బు

కొండాపూర్‌లో సత్తెమ్మత్త ఇంట్లో గది కిరాయికి తీసుకున్న కొత్తలో, ఒక ఆదివారం నాకు మొదటిసారి తేడా చేసింది. మాది గుంటూరు. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ట్రైనీగా చేరాను. అప్పటికి అక్కడ భవనాలకన్నా బండరాళ్లే ఎక్కువ. ఇంటావిడ సత్తెమ్మత్తకు పిల్లలు లేరు కాబట్టి ఆదివారం వస్తే నేను దొరికిపోయేదాన్ని. తలకు నూనె పట్టించి, చురుక్కుమనే నీళ్లు చెంబు మీద చెంబు, ఊపిరి తీసుకోనివ్వకుండా గుమ్మరించేది. ఆ ప్రేమకు నా వీపు ఎర్రబడేది.

ఆ రోజు నీళ్లు పడుతుంటే తలలో ఏదో వింత హాయి. ఇంకా పొయ్యమన్నానట. కళ్లు తెరిచేసరికి ఆమె ఒళ్లో ఉన్నాను.

"ఏంది బిడ్డా, ఎంత పిలిచినా పలుకవైతివి. కండ్లు గిట్ల తేలేసినవ్" అంది. ఒంట్లో చలువ చేరిందని తనే తేల్చేసి, తర్వాతి ఆదివారం నీళ్లు ఇంకా వేడిగా పోసింది. ఈసారి కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి, నాలుక కరుచుకున్నాను.

చందానగర్ డాక్టరు బీపీ తక్కువన్నాడు. సీటీ స్కాన్ నార్మల్, తలకు వైర్లు పెట్టి మెదడు పనితీరు గీసే ఈఈజీ నార్మల్. ఒక పెద్ద డాక్టరయితే తలెత్తి చూడకుండానే, "ఆల్ నార్మల్ అమ్మా. ఇది సైకలాజికల్. ఇంటికెళ్లి రెస్ట్ తీసుకో" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నాన్నగారు మాత్రం ఆ మాటే పట్టుకుని, ఉద్యోగం మాన్పించి గుంటూరు తీసుకుపోతానన్నారు. జబ్బుకన్నా దానికే ఎక్కువ భయపడ్డాను.

చివరికి సత్తెమ్మత్తా నేనూ ఒక ప్రభుత్వ దవాఖానలో న్యూరాలజీ ఓపీకి వెళ్లాం. అక్కడి డాక్టర్ వసుధ చదువు ముగించి ఎంతో కాలం కాలేదు. ఫిట్స్ ఎప్పుడొచ్చాయని అడిగింది. నేను నోరు తెరిచేలోపే సత్తెమ్మత్త అందుకుంది.

"తలకు పోసుకునేటప్పుడే డాక్టరమ్మా. నేనే పోస్త."

డాక్టరు పెన్ను పక్కన పెట్టేసింది. "హాట్ వాటర్ ఎపిలెప్సీ, అంటే వేడినీళ్లకు వచ్చే ఫిట్స్ అయ్యుంటుంది. మామూలప్పుడు ఈఈజీలో ఏమీ దొరకకపోవచ్చు. నీళ్లు పోస్తుండగా తీయాలి" అంది. నన్నొకరు నమ్మారు. అక్కడే ఏడ్చేశాను.

దీని మీద పరిశోధనకే ఆమెకు మొదటి గ్రాంట్ వచ్చింది. కుళాయి ఉన్న చిన్న గది, ఈఈజీ మెషీను, ఒక టెక్నీషియను, అన్నీ ఆ డబ్బుతోనే నడుస్తున్నాయి. తోటి డాక్టర్లు "బాత్‌రూమ్ రీసెర్చ్" అని ఆటపట్టించేవారట. ఫిట్స్ సంగతి బయటపడితే పరువు పోతుందని పేషెంట్లు రావడం లేదు. ఫిట్స్ వస్తుండగా తీసిన ఒక్క రికార్డింగూ దొరకకుండానే గ్రాంట్ ఏడాది గడువు దగ్గరపడింది.

"ఇంట్లో ఎవరు పోస్తారో వాళ్లే, అలాగే పొయ్యాలి" అంది డాక్టరు.

"నేను పొయ్య. నా కండ్ల ముంగట పిల్ల పడిపోతుంటె ఎట్ల సూడాలె?" అంది సత్తెమ్మత్త.

"పక్కనే నేనుంటాను, ఇంజెక్షన్ సిద్ధంగా ఉంటుంది. నేను కొత్తదాన్నమ్మా. నా మాట మీద డబ్బివ్వరు, రికార్డింగ్ చూసి ఇస్తారు."

"ఇయ్యకుంటె?"

"ఈ గది మూసేస్తారు. తర్వాత వచ్చేవాళ్లకు కూడా నార్మల్ అనే రాసి పంపిస్తారు."

సత్తెమ్మత్త నా వైపు తిరిగి చెప్పింది, "నార్సింగిల మా చెల్లె లక్ష్మికి గూడ గిట్లనే అయితది. గాలి సోకిందని యాపమండలతోని కొట్టిచ్చిండ్రు. పెండ్లి కావాల్సిన పిల్లవని నీకు చెప్పలే బిడ్డా."

కొంగు బిగించి చెంబు తీసుకుంది. నా తలనిండా వైర్లు, వాటి మీద ప్లాస్టిక్ టోపీ. నీళ్లకన్నా ముందు ఆమె కన్నీళ్లే నా భుజం మీద పడ్డాయి. తర్వాత నాకేమీ గుర్తులేదు. మెలకువ వచ్చాక డాక్టర్ వసుధ కాగితం మీద ఎగసిపడిన గీతలు చూపించి, "ఇదిగో, మీరు చెప్పింది నిజమే" అంది. ఆ కాగితం చూశాక నాన్నగారు గుంటూరు మాటెత్తలేదు. రివ్యూ కమిటీ గ్రాంట్ పొడిగించింది.

అంతటితో అయిపోలేదు. ఫిట్స్ మాత్రలు, కార్బమజెపిన్, మొదలుపెట్టాక ఆఫీసులో కీబోర్డు మీదే కునుకు తీసేదాన్ని. డోసు తగ్గించారు. దీపావళికి మా అమ్మ వచ్చి, "గోరువెచ్చటి నీళ్లకు నూనె వదులుతుందా?" అంటూ తన పద్ధతిలోనే, డాక్టరు వద్దన్న వేడినీళ్లే పోసింది. మళ్లీ ఫిట్స్ వచ్చాయి. ఇప్పుడు గోరువెచ్చటి నీళ్లే, గడియ పెట్టుకోకుండా మెల్లగా పోసుకుంటాను. ఉద్యోగం పర్మనెంటయింది. సత్తెమ్మత్త తలుపవతల పీటేసుకుని కూర్చుని, పలుకుతున్నానో లేదో అని ఊరికే కబుర్లు చెబుతుంటుంది.

మీకు నేను చెప్పేది ఒక్కటే. ఫిట్స్ వచ్చినప్పుడు పక్కనున్న మనిషిని డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్లండి. ఏం జరిగిందో మనకు తెలియదు, చూసినవాళ్లకే తెలుస్తుంది.

గ్రాంట్ రెండో ఏడాది మొదలయ్యాక, బతిమాలి బతిమాలి సత్తెమ్మత్త తన చెల్లెల్ని అదే గదికి తీసుకొచ్చింది. ఆమెకు యాభై దాటాయి. పరీక్షయ్యాక డాక్టర్ వసుధ ఆమె చేయి పట్టుకుని, ఇది మెదడుకు సంబంధించిన జబ్బనీ, మందులున్నాయనీ నిదానంగా చెప్పింది. లక్ష్మమ్మ అంతా విని, తడి జుట్టు ముడేసుకుంటూ ఒక్కటే అడిగింది.

"అయితె నేను ఏ పాపం చెయ్యలేదు గద డాక్టరమ్మా?"