తెర పక్కన నిలబడి నేను చెప్పిన జర్మన్ కథ

మా అమ్మ మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. నా నోటి సంగతి తెలిసినవాళ్లు ఇప్పటికే నవ్వుతుంటారు. నవ్వండి. కానీ ఈ ఒక్కటి ఏళ్ల తరబడి గుండెల మీద రాయిలా కూర్చుంది. ఇక మోయలేను.

రాయపూర్ రైల్వే కాలనీలో మన తెలుగువాళ్లకో నాటక సమాజం ఉండేది. వేషాల పెట్టె తాళం అప్పలస్వామి దగ్గర. పగలు లోకోషెడ్డులో ఫిట్టరు, సాయంత్రం మాకందరికీ రంగు పూసేవాడు. పెట్టెలోని వెండి పూత కిరీటమంటే సమాజానికి ప్రాణం. ఒకరోజు అది కనబడలేదు.

తీసింది నేను. ఒక సంస్థానపు రాజావారు నాకు బహూకరించారని చెప్పి, దుర్గ్‌లో మా తమ్ముడి పెళ్లి ఊరేగింపులో వాడి నెత్తిన పెట్టాను. తిరిగొస్తూ రైల్లో మరిచిపోయాను. చెప్పేస్తే ఏమయ్యేది? తిట్టేవాళ్లు, అంతేగా? అబద్ధాలకు అంత సులువుగా తెరుచుకునే నోరు అప్పుడు పెగల్లేదు.

ఆ వారమే రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో జర్మన్ సినిమా వేశారు. యుద్ధం అయ్యాక తీసిన, పాతకాలపు రాజుల హాస్యకథ. మొదట నాటకమట, అందుకే మావాళ్లంతా వచ్చారు. ఒక్క ముక్క అర్థం కాదు. ఒక జర్మన్ ఇంజనీరు ప్రాణం కాపాడి ఆయన దగ్గర భాష నేర్చుకున్నానని నేను ఎప్పుడో కోతలు కోసి ఉన్నాను కనుక, నన్ను తెర పక్కన నిలబెట్టి కథ చెప్పమన్నారు.

తెర మీద తెల్ల విగ్గు పెట్టుకున్న నౌకరొకడు రాజుగారి ముఖానికి పౌడరు అద్దుతున్నాడు. వాడేం మాట్లాడాడో నాకేం తెలుసు?

"రాజుగారి పెట్టె తాళం వీడి దగ్గరే. నగ మాయం చేసి, ఏమీ ఎరగనట్టు ముస్తాబు చేస్తన్నాడు" అన్నాను.

హాలు పగలబడి నవ్వింది. తరువాత నవ్వు ఆగింది. ఒక్కొక్క తలే వెనక్కి తిరిగింది.

చీకట్లోంచి అప్పలస్వామి గొంతు. "ఏటి బావా, ఆడు నిజంగానే చోర్ అంటావా?"

"నేనేటంటాను? సినిమా అంటంది."

ఆ తరువాత అతడి చేతికి ఎవరూ ముఖం ఇవ్వలేదు. అద్దం ముందు ఎవరి రంగు వాళ్లే పూసుకున్నారు. దొంగ అని ఒక్కరూ అనలేదు. అని ఉంటే కాదని చెప్పుకునేవాడు. తాళంచెవి బల్ల మీద పెట్టి, బిలాస్‌పూర్‌కు బదిలీ అడిగి వెళ్లిపోయాడు. స్టేషన్‌కు వెళ్లాను. నా చేయి పట్టుకుని, మనసులో పెట్టుకోవద్దని నవ్వాడు.

ఇదంతా ఎందుకు రాస్తున్నాను? తప్పు ఒప్పుకోవడానికా, ఇది కూడా బాగుందని మీ చేత అనిపించుకోవడానికా? మీకు అనుమానం రావచ్చు. నాకైతే ఉంది.

అందుకే చెబుతున్నాను. స్టేషన్ సంగతి నేను కల్పించింది. నేను వెళ్లలేదు. అతడు ఊరు వదిలే ముందురోజు తనే మా ఇంటికి వచ్చాడు. లేనని మా ఆవిడ చేత చెప్పించి, తలుపు వెనక నిలబడి సందులోంచి చూశాను. గుమ్మం ముందు నా చెప్పులు ఉన్నాయి. వాటిని చూస్తూ చాలాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

ఈ మాట మా ఆవిడా నేనూ ఎప్పుడూ ఎత్తలేదు. ఇప్పుడు మీతో అన్నాను. కాస్త ఊపిరాడుతోంది.