చదవందే ఒప్పుకోని షరతులాయన

మూడో అంతస్తు షరతులాయన పుట్టి బుద్ధెరిగాక చదవకుండా దేనికీ ఒప్పుకున్న మనిషి కాదు. సబ్బు కొంటే పెట్టె మీది అక్షరాలన్నీ చదివాకే స్నానానికి వెళ్ళేవాడు. దగ్గుమందుతో వచ్చిన కాగితాన్ని మడతలు విప్పి ఈ కొస నుంచి ఆ కొస దాకా చదివి ముగించేసరికి దగ్గే విసుగెత్తి వెళ్ళిపోయేది. లిఫ్టులో "ఆరుగురికి మాత్రమే" అని రాసి ఉంటే, దాని కింద కనపడీ కనపడకుండా ఇంకేమైనా రాశారేమోనని వంగి చూసేవాడు. ఆయన నడుం ఎత్తేలోగా మిగతా ఐదుగురూ మెట్లెక్కి ఇళ్ళకు చేరిపోయేవాళ్ళు.

పాపం, ఆయన్ని అని లాభం లేదు. నలభై ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన కళ్ళవి. ఊరుకోమంటే ఊరుకోవు. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి జరుగుతుంటే, సంతకం పెట్టమని ఇచ్చిన కాగితాలు తీసుకుని, ఈ పెళ్ళికొడుకు కుర్చీ లాక్కుని కూర్చుని, పెదవి కదపకుండా మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడట. రిజిస్ట్రారు ఇంటికెళ్ళి భోంచేసి వచ్చాడు. పెళ్ళికూతురి చేతిలో పూలు తలలు వాల్చేశాయి.

"ఒక్క పేజీ దాటేయమన్నాను, ఒక్కటంటే ఒక్కటి," అని ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. "'దాటేసిన పేజీలోనే నువ్వుంటే?' అన్నారు. ఆ మాటకి పడిపోయాను. పడ్డదాన్ని మళ్ళీ లేవలేదు."

ఆయన ఎదురింట్లో ఉండేది టీచరమ్మ. టీచరమ్మ అంటే బడి పంతులమ్మ అనుకునేరు. బడికి ఆవిడ వెళ్ళింది మూడో తరగతి సగం దాకానే. మిగతా సగం చదువూ కుట్టుమిషను దగ్గర జరిగింది. యాభై ఏళ్ళుగా చొక్కాలు కుడుతోంది. ఆవిడ వేసిన కాలరు, తొడుక్కున్న మనిషి వంగినా తను వంగదు. కుట్టుపనివాళ్ళంతా కలిసి నడుపుకునే చిన్న సైటు ఒకటుంది. రోజూ సాయంత్రం నాలుగింటికి ఆవిడ ఫోను ముందు కూర్చుని, ఆ సైటులో కాలరు వేయడం నేర్పుతుంది. ఎక్కడెక్కడి వాళ్ళో ముప్ఫై ఒక్కమంది, ఎవరింట్లో వాళ్ళు టీవీ కింద ఇంటర్నెట్ బొమ్మలు చూపించే చిన్న డబ్బా తగిలించుకుని, తెర మీద ఆవిడ వేళ్ళు చూస్తూ గుడ్డ కత్తిరిస్తారు.

"టీచరమ్మా, మూల తిరగట్లేదండీ!"

"ఎలా తిరుగుతుందమ్మా? సూది గుడ్డలోకి దించి తిప్పమంటే గాల్లో పెట్టి తిప్పుతున్నావు. నా టీవీలో అంతా కనబడుతోంది!"

అలా ముప్ఫై ఒక్క గొంతులు టీచరమ్మా అని పిలుస్తుంటే, ఆవిడ మెడ కూడా తను కుట్టిన కాలరు లాగే నిలబడేది. చదువు మాట ఎవరైనా ఎత్తితే మాత్రం మంట. కొట్ల మీది పెద్ద అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. చీమల బారులాంటి చిన్న అక్షరాలు ఎదురైతే, కళ్ళజోడు మరిచిపోయానంటుంది. కళ్ళజోడు నెత్తి మీదే ఉంటుంది.

షరతులాయన ఇంటికి టీవీ డబ్బా వచ్చిన రోజు ఆ అంతస్తులో ఎవరూ మరిచిపోలేదు. ఆ సాయంత్రం ఏదో పెద్ద ఆట, ఆఖరి పోటీ. అందరూ కుర్చీలు తెచ్చుకుని కూర్చున్నారు. టీచరమ్మ కూడా గుండీలు కుట్టుకుంటూ ఓ మూల కూర్చుంది. డబ్బా తగిలించగానే తెర మీద "షరతులకు ఒప్పుకుంటున్నాను" అన్న మీట వచ్చింది. ఆయన రిమోట్ పక్కన పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, గొంతు సవరించుకుని, హాలంతా మోగేలా అందుకున్నాడు: "ఒకటవ షరతు..."

"బాబాయిగారూ, ఆట మొదలైపోయింది!" అన్నాడు పై అంతస్తు పళ్ళ డాక్టరు.

"ఆట రేపూ ఉంటుంది. సంతకం ఒక్కసారే."

"సంతకం కాదండీ, ఉత్త మీట!"

"మీట అంటే వేలితో పెట్టే సంతకమేనోయ్."

యాభై ఏడు పేజీలు. మధ్యలో ఇద్దరు కునుకు తీశారు, ఒకావిడ ఇంటికెళ్ళి వంట చేసుకుని తిరిగొచ్చింది. ఆయన ఆఖరి అక్షరం చదివి, మీట నొక్కి, "ఇంతకీ ఎవరు గెలిచారు?" అన్నాడు.

"కంపెనీ," అన్నాడు డాక్టరు.

కానీ ముప్ఫై ఒకటో పేజీలో ఆయనకొక మాట దొరికింది. గదిలో మనం అనుకునే మాటలు డబ్బా వినవచ్చునట. మర్నాడు పొద్దున్నే టీచరమ్మ తలుపు తట్టాడు.

"చెల్లెమ్మా, ఆ డబ్బాకి చెవులున్నాయి. దానికో టోపీ కుట్టిపెట్టాలి."

"టోపీ పెడితే వినబడదా అన్నయ్యగారూ?"

"వినబడుతుందేమో. కానీ మనకి తెలుసని దానికీ తెలియాలిగా!"

ఆవిడ నల్ల మఖమలుతో టోపీ కుట్టింది, రిమోట్ వెలుగు తగలడానికి ముందు చిన్న కిటికీ కూడా పెట్టింది. తర్వాత ఎనిమిదో రోజున, డబ్బా చెవులు మూసే మీట ఎక్కడుందో షరతులాయన చదివి కనిపెట్టి నొక్కేశాడు. టోపీ మాత్రం తీయలేదు. "కుట్టిన చేతిని చిన్నబుచ్చకూడదు" అన్నాడు.

టీచరమ్మ ఇంట్లో డబ్బా పెట్టించినప్పుడు ఇంకో తంతు మొదలైంది. తెర మీద ఎప్పుడు ఏ షరతు వచ్చినా, వాసన తగిలినట్టు ఈయన ఎదురింట్లోంచి ఊడిపడేవాడు. మిషను పక్కన ముక్కాలిపీట లాక్కుని కూర్చుని, గొంతెత్తి చదివేవాడు.

"అన్నయ్యగారూ, నాకు చదవడం రాదనా మీ ఉద్దేశం?"

"ఎంత మాట చెల్లెమ్మా! మీకొచ్చు. నాకే, ఒక్కణ్ణీ చదువుకుంటే నిద్రొస్తుంది. ఎవరైనా వింటుంటే హుషారు."

పోనీలే, ముసలాయనకి తోడు కావాలి కాబోలు అని టీచరమ్మ జాలిపడేది. కాలర్లు కత్తిరించుకుంటూ వినేది. "అదేమిటి, మన బొమ్మ వాళ్ళు వాడుకుంటారా? వద్దని నొక్కండి!" అని మధ్యలో గదమాయించేది. ఆరేళ్ళుగా అలా వింటూ, తను ఓ పెద్దమనిషికి ఉపకారం చేస్తున్నానని నలుగురి దగ్గరా చెప్పుకునేది కూడా.

ఇంతలో ఆ భవనానికి కొత్త ఇంటర్నెట్ లైను బేరం వచ్చిపడింది. పళ్ళ డాక్టరే కమిటీ అధ్యక్షుడు. ఒప్పందం కాగితాలు ఇంటికో కట్ట ముందే పంచి, ఆదివారం కింది హాలులో మీటింగు అన్నాడు. షరతులాయన వస్తే పొద్దు వాలేదాకా చదువుతాడని, అందరికీ పదింటికి రమ్మని చెప్పి, ఆయనొక్కడికి పదకొండు అని చెప్పాడు. పళ్ళు పీకేవాడికి తెలివి తక్కువేం కాదు.

మెడకు టై బిగించిన కంపెనీ మనిషి, బల్ల మీద కొత్త డబ్బాలు గోడలా పేర్చి నిలబడ్డాడు. "ఇంటికో డబ్బా, ఏడాది పాటు లైను ఉచితం! సంతకం పెట్టిన ఇంటికి రేపే పాత లైను తీసేసి కొత్తది వేసేస్తాం. రెండేళ్ళ దాకా మళ్ళీ మార్చే పని లేదు."

మార్చడానికి వీల్లేదన్న మాటని మార్చే పని లేదని ఎంత తియ్యగా అన్నాడో!

ముందు వరసలో కూర్చున్న పాపానికి మొదటి కాగితం టీచరమ్మ చేతికే వచ్చింది. ఇంటికి పంచిన కట్ట చదివావా అంటే, అది మిషను కదలకుండా దాని కాలి కింద ఉంది. హాలంతా తన వైపే చూస్తోంది. సూదిలో దారం ఎక్కించేంత సేపు కాగితం వంక చూసి, "సబబుగానే ఉంది" అని, పెద్ద పెద్ద మెలికలు తిప్పి సంతకం పెట్టేసింది. టీచరమ్మే పెట్టాక మనదేముందని మిగతావాళ్ళూ బరబరా గీకేశారు.

సరిగ్గా పదకొండింటికి షరతులాయన భార్యతో కలిసి దిగాడు. కంపెనీ మనిషి కాగితాలు సంచీలో సర్దుకుంటున్నాడు. పైనున్న కాగితం మీది మెలికల సంతకం ఈయన కంట పడింది.

"చెల్లెమ్మా, మీరూ పెట్టేశారా?"

"పెట్టేశాను. చదివే పెట్టాను," అంది టీచరమ్మ బింకంగా.

"చదివే ఉంటారు. నాకే ఒక అనుమానం. గట్టిగా చదువుకుంటే గాని తీరదు."

హాలంతా ఒక్కసారిగా మూలిగింది. ఆయన తన కట్ట తీశాడు. మొదటి పేజీ తెరుస్తాడని అందరూ కుర్చీల్లో జారగిలబడితే, ఆయన ఒక్క తిప్పుతో పంతొమ్మిదో పేజీ తీశాడు.

ఆయన భార్య గుండె పట్టుకుంది. "అయ్యో అయ్యో, పద్దెనిమిది పేజీలు దాటేశారు! పెళ్ళినాడు కూడా దాటలేదు! ఏమైందండీ మీకు?"

ఆయన చదివాడు. కంపెనీ సొంత కార్యక్రమాలకూ, దానితో పొత్తు పెట్టుకున్నవారి కార్యక్రమాలకూ వేగంగా పోయే దారి ఇస్తారు. పొత్తు లేని సైటులన్నిటికీ మిగిలిన దారి.

"మిగిలిన దారి అంటే ఏమిటి నాయనా?" అంది టీచరమ్మ.

కంపెనీ మనిషి టై సవరించుకున్నాడు. "కాస్త నెమ్మదిగా వస్తుందండీ. బొమ్మ అక్కడక్కడా ఆగుతుంది."

"మా కుట్టుపనివాళ్ళ సైటుకి మీతో పొత్తు లేదే?"

"చిన్న సైటులకి ఎందుకుంటుందండీ?"

టీచరమ్మకి కళ్ళ ముందు నాలుగు గంటల పాఠం కదిలింది. మూల దగ్గర సూది దించే చోట బొమ్మ ఆగిపోతుంది. అటు ముప్ఫై ఒక్కమందీ తప్పు కత్తిరిస్తారు. నాలుగు రోజులు చూసి ఒక్కొక్కరే వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఆవిణ్ణి టీచరమ్మా అని పిలిచేదెవరు?

"ఏమయ్యా," అంది లేచి. "రోడ్డు వేసేది బళ్ళు నడవడానికా, మీ బళ్ళే నడవడానికా? మీ బండికో రోడ్డు, మా బండికో బురదా? లైను అంటే అందరినీ ఒక్కలా పోనివ్వాలి. ఏ ఇంటికి ఏం చూడాలో ఆ ఇల్లు చూసుకుంటుంది. దారి కాచి ఏరేందుకు మధ్యలో నువ్వెవరు?"

"మీరు సంతకం పెట్టేశారు కదమ్మా," అని అతను సంచీ జిప్పు లాగి, గుమ్మం వైపు నడిచాడు.

టీచరమ్మ ఆ సంచీ వెంట రెండడుగులు వేసింది.

"ఆ కాలు బయట పెట్టకండి!" అని కేకేశాడు షరతులాయన. కంపెనీ మనిషి ఒంటికాలి మీద ఆగిపోయాడు. ఈయన ఇంకో ఇరవై ఒక్క పేజీలు ఎగరేసి నలభై ఒకటో పేజీ తీశాడు. ఆయన భార్య ఈసారి కూర్చుండిపోయింది. "అడుగున, ఆవగింజంత అక్షరాల్లో ఉంది. కంపెనీ మనిషి గుమ్మం దాటకముందు ఎవరు సంతకం వెనక్కి అడిగినా, మారుమాట లేకుండా ఇచ్చేయాలి. రాసింది మీరేగా?"

ఆ ఎత్తిన కాలు మెల్లగా లోపలికే దిగింది. టీచరమ్మ తన చేతిసంచీలోంచి కత్తెర తీసి, అతను తిరిగిచ్చిన కాగితంలో తన సంతకం ఉన్న మేరకు గుడ్డ కత్తిరించినంత తిన్నగా కత్తిరించి, రవికలో దోపుకుంది. అది చూసి, అలాంటిదే ఇంకో చిన్న సైటులో వయొలిన్ పాఠాలు చెప్పుకునే ఆవిడ లేచింది. ఆవిడ వెనక ఇంకొకరు, ఇంకొకరు. మొత్తం ఇరవై ఇళ్ళు వెనక్కి తీసుకున్నాయి. డాక్టరు వారం రోజులు ఎవరికీ పళ్ళు కనిపించేలా నవ్వలేదు. నెల తిరక్కుండా కంపెనీయే ఆ పంతొమ్మిదో పేజీ చింపేసి మళ్ళీ వచ్చింది. ఈసారి మీటింగు పదింటికే, షరతులాయనకి కూడా పదింటికే.

కానీ అసలు సంగతి ఆ మొదటి ఆదివారమే, మెట్లెక్కుతుంటే బయటపడింది.

"వదినా, మీ ఆయన పుణ్యమా అని బతికాను," అంది టీచరమ్మ. "కానీ ఇంట్లో ఈ చదువు గోల రోజంతా ఎలా భరిస్తున్నారమ్మా?"

"గోలా? ఇంట్లో ఆయన పెదవి కదిపితే ఒట్టు! ఈ కాగితాలు మూడు రోజుల్లో మూడుసార్లు చదివారు, పేజీ తిప్పిన చప్పుడు తప్ప ఇంకేం వినలేదు. గట్టిగా చదివేది మీరున్న చోటే. మీరు ఎదురింట్లో దిగాకే పట్టుకుందీ అలవాటు."

టీచరమ్మ మెట్టు మీద ఆగిపోయింది. ఆరేళ్ళ కిందట తను ఇంట్లో దిగిన రోజు గుర్తొచ్చింది. భవనం నియమాలని నాలుగు పేజీలు చేతికిచ్చారు. సూదిలో దారం ఎక్కించేంత సేపు చూసి "చదివేశాను" అంది. అప్పుడు పక్కన నిలబడ్డది ఈయనే. నలభై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషికి నాలుగు పేజీలు చదవడానికి ఎంతసేపు పడుతుందో తెలియదూ?

మొదటి మూడు మెట్లూ ఒళ్ళు మండింది. నాలుగో మెట్టు మీద నవ్వొచ్చింది. ముసలాయనకి తోడు కూర్చుంటున్నానని ఆరేళ్ళుగా పుణ్యం మూటకట్టుకుంటోంది తను. విప్పి చూస్తే మూటలో ఉన్నదంతా ఆయన పుణ్యమే. ఒక్కనాడు కూడా మాట జారలేదు, మహానుభావుడు.

మర్నాడు నాలుగు కావస్తుంటే, కుట్టుపనివాళ్ళ సైటు నుంచి కొత్త షరతులు తెర మీదికి వచ్చాయి. వాసన తగిలినట్టు షరతులాయన ఊడిపడ్డాడు. టీచరమ్మ ముక్కాలిపీట తనే వేసి, ఆయన కళ్ళజోడు తీయబోతుంటే చెయ్యి అడ్డుపెట్టింది.

"ఉండండి అన్నయ్యగారూ. ఒక్కదాన్నీ చదువుకుంటే నాకూ నిద్రొస్తోంది. మీరు వినండి."

తెర మీది అక్షరాలను అరచేతులంత చేయించుకుంది. నెత్తి మీది కళ్ళజోడు ముక్కు మీదికి దించింది. "ఒ... క... ట... వ... ష... ర... తు..." అని అందుకుంది. ఒక్కో మాటకీ ఒక్కో నిమిషం. నాలుగు దాటింది. ఫోనులోంచి ముప్ఫై ఒక్క గొంతులూ గోల పెట్టాయి.

"టీచరమ్మా, పాఠం మొదలెట్టరా?"

"ఆగండర్రా! చదవకుండా ఒప్పుకోమంటారా ఏమిటి?"

నాలుగుంపావుకి రెండో షరతు ముగించి, నుదురు తుడుచుకుని, ఆయన వంక చూసింది. షరతులాయన కళ్ళు మూసుకుని, ఒక్క అక్షరం పోనివ్వకుండా విన్నాడు.

"చాలా బాగుంది చెల్లెమ్మా. మధ్యలో ఒక్క కామా దగ్గర ఆగలేదు, అంతే."

"తెలిసే వదిలాను అన్నయ్యగారూ," అంది టీచరమ్మ. "మీకూ దిద్దుకోడానికి ఏదో ఒకటి ఉండాలి కదా!"