బాపు నేసిన చీరలో ముదురు చార

“ఆ చార ఉన్న కొస లోపలికే పోవాలె పెద్దమ్మా. నడుము కాడ దోపుకుంటే ఎవ్వలకూ కనవడది. అటు నుంచే ఫాల్ కుట్టు.”

“వద్దు అమ్మమ్మా, ఇటు నుంచి కుట్టు. చార పైటకు రావాలె.”

“నీకేమన్న పిచ్చి లేసిందా? రేపు ఎంగేజ్‌మెంట్‌కు వచ్చేటోళ్లంత మగ్గాల మీద బతికేటోళ్లే. ఒక్క చూపు చూస్తే చాలు, లాట్ కలిసిందని చెప్తరు.”

“చెప్పనీ. ఉన్నదే గదా చెప్తరు.”

“మరి మీ బాపు ఇజ్జత్?”

“దుకాణంల కొన్న చీర కట్టుకుంటే ఇజ్జత్ ఉంటదా? దాన్ని నేసినోడు ఎవడో నీకు ఎరుకనా, నాకు ఎరుకనా?”

తల్లి లక్ష్మి ఒక కొస పట్టుకుంది. కూతురు స్వప్న రెండో కొస పట్టుకుంది. మధ్యలో నా మిషను. బట్ట చినిగేలా ఉందని ఇద్దరి చేతుల మీదా స్కేలుతో ఒక్కటి వేసి, చీర లాక్కుని ఒళ్లో పెట్టుకున్నాను.

ఇది పోయిన ఏడాది, వానలు వెనకబట్టిన రోజుల్లో జరిగింది. సూరత్‌లో భేస్తాన్ వైపు మా ఇంటి ముందు గదే నా దుకాణం. మూడో తరగతితో నా చదువు ఆగిపోయింది, మిషను మాత్రం ఇప్పటికీ ఆగలేదు. చీరలకు ఫాల్, పీకో కుడతాను. పాత జాకెట్లు వదులు చేస్తాను, చిరిగినవి రఫూ చేస్తాను. పెట్టెలో మంచి బట్ట ఉండగా కొత్తది కొనుక్కొచ్చేవాళ్లను తిడతాను కూడా. తిట్టినందుకు వేరే ఏమీ తీసుకోను.

తెలియనివారికి ఫాల్ సంగతి చెప్పాలి. చీర కింది అంచుకు లోపలివైపు కుట్టే నూలు పట్టీ అది. కుచ్చిళ్లు బరువుగా నిలవడానికి, అంచు నేలకు రాసుకుని అరిగిపోకుండా ఉండడానికి వేస్తాం. ఏ కొస నుంచి ఫాల్ మొదలుపెడితే ఆ కొస నడుము దగ్గర లోపలికి పోతుంది, రెండో కొస పైట అవుతుంది. పూలూ కొంగూ ఉన్న చీరలో ఏది పైటో నేతలోనే తేలిపోతుంది. ఒట్టి చీరలో మాత్రం అది ఫాల్ కుట్టేవాళ్ల చేతిలో ఉంటుంది. అందుకే ఆ తల్లీకూతుళ్లు తమ ఇంట్లో పోట్లాడుకోకుండా నా దగ్గరికి వచ్చి పోట్లాడుకున్నారు.

ఆ చీర స్వప్న తండ్రి నర్సయ్య పవర్‌లూమ్ మీద నేసింది. మా సిరిసిల్ల వైపు నుంచి వచ్చి, వయసులో ఉన్నప్పటి నుంచీ ఇక్కడి కార్ఖానాలో పని చేస్తున్నాడు. ఇక్కడ మగ్గం మీది నుంచి దిగేది రంగు లేని తెల్లబట్ట. దాన్ని గ్రే అంటారు. అది రంగుల మిల్లుకు వెళ్లి, అచ్చు పడి, లేసులు తగిలి, చీరై దేశం మీద పడుతుంది. నేసినవాడికి అది మళ్లీ కనబడదు. ఒక దీపావళికి కార్ఖానా సేఠ్ మిగిలిన గ్రే ముక్క ఒకటి నర్సయ్యకు ఇచ్చాడు. చీరకు సరిపోయేంత ఉంది. లక్ష్మి దాన్ని పరుపుల మీద దుమ్ము పడకుండా కప్పేది.

ఇక స్వప్న. నేను తిట్టడానికి ఏమీ దొరకని పిల్ల అది ఒక్కతే. ఉన్న నాలుగు కుర్తాలనే మార్చి మార్చి వేస్తుంది. అయినా గల్లీలో అందరికన్నా నీటుగా అదే కనిపిస్తుంది. చేతులు చిరిగితే పొట్టి చేయించుకుంటుంది. వాళ్లమ్మ పాత చీర అంచు కోసి మెడకు వేయించుకుంటుంది. ఒకసారి “ఇంత సోకు ఎక్కడ నేర్చినవే?” అని అడిగాను. “ఏది నాకు నప్పుతదో తెలిస్తే కొత్తది కొనబుద్ధి కాదు అమ్మమ్మా” అంది. నేను నలభై మాటల్లో తిట్టి చెప్పేది ఆ పిల్ల ఒక్క మాటలో చెప్పింది.

అది ఫోన్‌లో లైవ్ పెట్టి చీరలు అమ్మే దుకాణంలో పని చేసేది. రోజంతా ఒకదాని మీద ఒకటి భుజాన వేసుకుని చూపించడమే పని. ఒకరోజు కొనే ఆమె ఎవరో, “ఈ చీర ఎవరు నేశారు?” అని అడిగిందట. ఫోన్ వెనక నిలబడ్డ దుకాణం సేఠ్, చేతి మగ్గం అని చెప్పమని సైగ చేశాడట. ఇది మాత్రం “నాకు తెలియదు, కనుక్కుని చెప్తా” అందట. ఆ సాయంత్రమే దాన్ని కెమెరా ముందు నుంచి తీసి ప్యాకింగులో వేశారు. ఆ కోపంతోనే ఇంటికి వచ్చి, పరుపుల మీది గ్రేను దులిపి, “నా ఎంగేజ్‌మెంట్‌కు గిదే చీర” అందట.

మాలో ఆడపిల్ల మొదట పుట్టింటి చీరతో పీట మీద కూర్చుంటుంది. తర్వాత అత్తింటివాళ్లు పెట్టిన చీర మార్చుకుంటుంది. పుట్టింటి చీరంటే తండ్రి నేసిందే కావాలని దాని పట్టు. మిల్లులో రంగు వేసే తెలిసిన మనిషిని బతిమాలి, వేరే బట్టల లాట్ చివర ఈ ముక్కను కుట్టించి రంగు వేయించింది. దీనికోసం వేరే రంగూ వేరే నీళ్లూ వద్దని, ఆ రోజు ఏ రంగు ఉంటే అదే చాలంది. ఆ రోజు వంకాయ రంగు పడింది. చామనఛాయ పిల్లకు బాగా నప్పింది కూడా.

కానీ రంగుతో పాటు చార బయటపడింది. ఒక కొసకు దగ్గరలో, జానెడు వెడల్పున, అడ్డంగా, ముదురుగా. నూలు కోన్లు లాట్ల కింద వస్తాయి. ఒక లాట్‌లోకి ఇంకో లాట్ కోన్ పడితే, గ్రేలో ఎంత చూసినా తేడా తెలియదు. రంగు తాగాక తెలుస్తుంది. లాట్ కలవడమంటే అదే. ఊళ్లో ఇంకెవరైనా చూస్తే అదొక డిజైన్ అనుకుంటారు. మగ్గం తెలిసినవాళ్ల మధ్య అట్లా అనుకునేవాడు ఒక్కడూ ఉండడు. లక్ష్మి భయం అదే. కాబోయే వియ్యంకుడు ఇక్కడే కోసాడ్‌లో ఉంటాడు, ఆయనదీ మగ్గం పనే.

“దాని మీద లేసు వేస్తా, కనబడదు” అన్నాను.

“ఆ లేసుకు చెమ్కీలు అంటించే పని అమ్మ ఎన్నేండ్లు చేసింది, ఆ గోందు వాసనకు ఎంత దగ్గింది, నీకు ఎరుకనే గదా అమ్మమ్మా. వద్దు” అంది స్వప్న.

లక్ష్మి నా ఒళ్లోని చీర మళ్లీ అందుకోబోయింది.

“మీ ఇద్దరి మాటా నాకు పట్టదు. నేసిన మనిషిని పిలువు” అన్నాను.

నర్సయ్య పని దిగి నేరుగా వచ్చాడు. నెత్తి మీద ఇంకా నూగు ఉంది. చీరను దీపం కిందికి జరుపుకుని చారను వేలితో తడిమాడు.

“గా దినం పక్కోడు రాలె అత్తమ్మా. వాని మగ్గాలు గూడ నేనే చూసిన. కోన్ అయిపోయింది, గదే లాట్‌ది దొరకలె. చేతికందింది పెట్టిన” అన్నాడు. చారను లోపలికి మడిచి, “లోపలికే పెట్టు. పది మందిల ఎందుకు?” అన్నాడు.

లక్ష్మి నా వైపు చూసింది. నేను సూదిలో దారం ఎక్కించాను.

“బాపూ” అంది స్వప్న. “గిన్నేండ్లు నేసినవ్. మన ఇంట్ల ఒక్కలమన్న నువ్వు నేసింది కట్టినమా? నేను ఫోన్ ముందల చూపిచ్చిన చీరలల్ల నీవి ఎన్ని ఉన్నయో నాకు తెల్వదు. గీ ఒక్కటి నీదని తెలుసు. గా దినం నీతోని ఇద్దరి పని చేపిచ్చిన్రని గూడ తెలిసె. గీ చారతోనే గదా తెలిసింది? దాన్నే దాస్తే ఇగ దీనికీ బజార్ చీరకూ ఏం ఫరక్?”

నర్సయ్య చీర రెండో కొస వెతికి పట్టుకున్నాడు. నా మిషను మీది చాక్ ముక్క తీసుకుని, చార లేని కొస మీద గీత పెట్టాడు. “ఇటు నుంచి కుట్టు అత్తమ్మా” అన్నాడు.

“తండ్రీబిడ్డలు ఒక్కటైన్రు. ఇగ నా మాట ఎవ్వలకు కావాలె!” అని లక్ష్మి విసురుగా చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

బట్టలో తప్పు ఎక్కడుంటే అక్కడికి నా సూది పోతుంది. కప్పడం, మడవడం, లోపలికి తిప్పడం నా పని, ఆ పని మంచిదే. కానీ ఆ సాయంత్రం ఫాల్ కుడుతున్నంతసేపూ, దాచకూడని బట్ట కూడా ఉంటుందని ఆ పిల్ల వల్ల తెలుసుకున్నాను. అప్పటి నుంచి కొత్త చీర తెచ్చినవాళ్లను ధర అడగడం మానేశాను. ఎవరు నేశారని అడుగుతాను. చాలామంది మొహాలు చూసుకుంటారు. అట్లా చూసుకున్నా మంచిదే. ఈసారి కొనేటప్పుడు ఒక్కరైనా దుకాణంలో అడుగుతారు.

మర్నాడు పొద్దున భేస్తాన్‌లోనే చిన్న హాలులో ఎంగేజ్‌మెంట్ అయింది. పెద్ద ముత్తైదువ చీర కొసలకు పసుపు రాసింది. స్వప్న పైట వేసుకుని పీట మీద కూర్చుంది. చార సరిగ్గా భుజం మీదికి వచ్చింది. వెనక వరసలో మగవాళ్లు వంగి వంగి చూశారు. వియ్యంకుడు లేచి దగ్గరికి వచ్చి, పైట కొస రెండు వేళ్ల మధ్య పట్టుకున్నాడు.

“లాట్ కలిసింది గదా బావా?” అన్నాడు.

“కలిసింది. నేనే నేసిన” అన్నాడు నర్సయ్య.

“రెండు దిక్కులు ఉరికినట్టున్నవ్ గా దినం.”

“ఉరికిన.”

వియ్యంకుడు కుర్చీ లాక్కుని నర్సయ్య పక్కన కూర్చున్నాడు. భోజనాలకు పిలిచేదాకా ఇద్దరూ మగ్గాల గురించే మాట్లాడుకున్నారు. స్వప్న లోపలికి వెళ్లి, అత్తింటివాళ్లు పెట్టిన చీర కట్టుకుని వచ్చింది. విడిచిన చీరను నేను మడతపెట్టి లక్ష్మి చేతికిచ్చాను. ఆమె దాన్ని విప్పి, చార పైకి వచ్చేలా మళ్లీ మడతపెట్టి, అందరికీ కనబడేలా పీట ముందున్న పళ్లెంలో పెట్టింది.